మాట తెలిసిన పిల్లనగ్రోవి

పిల్లనగ్రోవి నేర్పే గురువు దగ్గర బిడ్డకు తెలుగు కూడా అబ్బుతుందని మనం ఎందుకో అనుకోం. ఒమన్‌లో, మస్కట్ నగరపు మత్రాలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న రువీ, దార్సైత్‌లలోనూ కాపురాలుండే తెలుగువాళ్లకు శుక్ర, శనివారాలు సెలవు. పిల్లల సంగీతమైనా, నాట్యమైనా, తెలుగు అక్షరాలైనా ఆ రెండు రోజుల్లోనే సర్దుకోవాలి. అందుకని సంగీతానికో గంట, తెలుగుకో గంట కేటాయిస్తారు. ఆ గంటకూ ఈ గంటకూ పొత్తు ఉండదు. గాత్రం నేర్చుకునే పిల్లలు పాడే పాట తెలుగులోనే ఉంటుంది కాబట్టి వాళ్లకు కనీసం నాలుగు మాటలు నోటబడతాయి. వేణువు పట్టిన పిల్లలకు ఆ నాలుగు మాటలూ ఉండవు. వాళ్ల నోట్‌బుక్కులో సరిగమలే ఉంటాయి. వాద్యానికి మాటలతో పనేమిటన్నది పెద్దల ధీమా. ఆ ధీమా తప్పని, కర్ణాటక సంగీతంలో మాట ఎరగని వేణువు సగం వేణువేనని, వేణువు నేర్పడమంటే పాట నేర్పడమేనని చెప్పడానికి ఒక జీవితమే సాక్ష్యంగా ఉంది. ఆ జీవితం గడిచింది మత్రాలో కాదు, తెలుగునాట కూడా కాదు. మద్రాసులో మొదలై అమెరికాలోని కనెక్టికట్‌లో ముగిసింది. అయినా పరదేశంలో పిల్లలకు పిల్లనగ్రోవి నేర్పించాలనుకునే తెలుగు కుటుంబానికి ఇంతకంటే దగ్గరి పాఠం మరొకటి కనబడదు.

ఆయన పేరు టి. విశ్వనాథన్. 1927లో మద్రాసులో పుట్టారు. వీణ ధనమ్మాళ్‌కు మనుమడు, గాయని జయమ్మాళ్‌కు కొడుకు, నాట్య సరస్వతి బాలసరస్వతికి తమ్ముడు. మృదంగ విద్వాంసుడు రంగనాథన్ ఆయన అన్న. తిరుప్పాంబురం స్వామినాథ పిళ్లై దగ్గర చిన్నతనంలోనే వేణువుకు కుదిరారు. ఆ స్వామినాథ పిళ్లై నాగస్వర విద్వాంసుల ఇంట పుట్టి, పాడుతూ పెరిగి, వేణువుకు వచ్చిన మనిషి. విశ్వనాథన్ 1958లో ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనం మీద లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తిరిగొచ్చి 1960ల మొదట్లో మద్రాసు విశ్వవిద్యాలయం సంగీత శాఖను నడిపారు. మళ్లీ అమెరికా చేరి, కనెక్టికట్‌లోని మిడిల్‌టౌన్ అనే ఊళ్లో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో రాగాలాపన మీద పరిశోధన చేసి 1975లో డాక్టరేటు పొందారు. అదే ఏడు అక్కడే అధ్యాపకుడిగా చేరి, 2002లో కన్నుమూసేదాకా పాఠం చెబుతూనే ఉన్నారు. 1988లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1992లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ జాతీయ వారసత్వ గౌరవాన్నిచ్చింది. ఈ వరుస చూసిన వాళ్లు మామూలుగా ఇలా తేలుస్తారు: మంచి వాద్యకారుడు, అయితే మద్రాసు కచేరీల సీజను వదిలి కాలేజీ ఉద్యోగానికి పోయాడు కాబట్టి దక్కవలసినంత పేరు దక్కలేదు. నా లెక్క వేరు. ఆయన వృత్తిలో కచేరీ ఒక వైపైతే పాఠం రెండో వైపు. ఈ రెంటినీ కలిపి కట్టిన దారం సాహిత్యం. అందులో పెద్ద పాలు తెలుగుది.

ఎలాగో తెలియాలంటే ఆ ఇంటి ఆస్తి ఏమిటో చూడాలి. ధనమ్మాళ్ కుటుంబం పేరెన్నిక గన్నది క్షేత్రయ్య పదాలకు, జావళీలకు, శ్యామశాస్త్రి, త్యాగరాజ కీర్తనల పాఠాంతరానికి. క్షేత్రయ్యది పదిహేడో శతాబ్దం. కృష్ణాజిల్లా మొవ్వ గోపాలుడే ఆయన ముద్ర. ఆ రోజుల్లో మొవ్వకు దగ్గర్లోనే ఉన్న మచిలీపట్నం రేవు నుంచి గోలకొండ రాజ్యపు అద్దకం బట్టలు ఓడలెక్కి, ఇప్పుడు మత్రా ఉన్న ఈ సముద్రానికి ఎదురుగట్టున ఉన్న బందర్ అబ్బాస్ దాకా వచ్చేవి. బట్టలు పడమరకు వస్తే పాటలు దక్షిణానికి నడిచాయి. మధుర, తంజావూరు ఆస్థానాలకు చేరిన ఆ పదాలు అక్కడి నర్తకీమణుల నోట నిలిచి, ఒక పాయ మద్రాసు జార్జిటౌన్‌లోని ధనమ్మాళ్ ఇంటికి వచ్చింది. శుక్రవారం సాయంత్రాలు ఆ ఇంట్లో జరిగే కచేరీకి నగరంలోని విద్వాంసులు వచ్చి కూర్చునేవారు. ఆమె మనుమరాళ్లు బృంద, ముక్త పదాలు పాడితే, మరో మనుమరాలు బాలసరస్వతి వాటినే అభినయించేవారు. విశ్వనాథన్ పెరిగింది ఆ గొంతుల మధ్య. అక్క నాట్యానికి పక్కన నిలబడి ఊదారు, పాడారు కూడా. వేణువు ఆయనకు దొరికిన రెండో గొంతు. మొదటిది మాటలున్న గొంతే.

ఇక్కడ తెలుగువాళ్లం ఒక నిజాన్ని ఒప్పుకోవాలి. క్షేత్రయ్య పదం పుట్టిన నేల మీద దాన్ని కాపాడినవాళ్లు కళావంతులు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో గుళ్లలో, పెళ్లి పందిళ్లలో, జమీందారుల కొలువుల్లో పదాన్ని పాడి, ఆడి, అర్థం విడమరచి చూపించింది ఆ స్త్రీలే. పంతొమ్మిదో శతాబ్దం చివర మొదలైన నాట్య నిషేధ ఉద్యమం, 1947 మద్రాసు దేవదాసీ చట్టం వాళ్ల వృత్తిని తుడిచిపెట్టాయి. దేవదాసీ పద్ధతిలోని దోపిడీ పోవలసిందే, అందులో రెండో మాట లేదు. కానీ దానితో పాటు పాట కూడా వెలివేతకు గురైంది. శృంగారమన్న సాకుతో పదాన్ని మర్యాదస్తుల కచేరీ నుంచి బయటికి నెట్టారు. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ వంటి కొద్దిమంది ఊరూరా తిరిగి ముసలితనంలో ఉన్న ఆ కళాకారిణుల దగ్గర మిగిలినదాన్ని కూడగట్టుకోవలసి వచ్చింది. మొవ్వ పక్కనే ఉన్న కూచిపూడిలో నాట్యం నిలిచింది, ఎదిగింది, ప్రపంచమంతా తిరిగింది. పదాన్ని నెమ్మదిగా, ఒక్కో అక్షరాన్నీ నాననిచ్చి పాడే ఆ విళంబ పాఠాంతరం మాత్రం ఎక్కువగా మద్రాసు ఇంట్లోనే బతికింది. అదే ఇంటివాడు దాన్ని వేణువులో పెట్టుకుని కనెక్టికట్ తీసుకెళ్లాడు. మన పాట మన చేతుల్లోంచి జారితే పట్టుకున్నది ఎవరో, ఎలా పట్టుకున్నారో తెలుసుకోవలసిన బాధ్యత మనది.

ఎలా పట్టుకున్నారన్నది వేణువు దగ్గరికెళ్లి చూస్తేనే తెలుస్తుంది. కర్ణాటక వేణువుకు ఊదే రంధ్రం కాక వేళ్లకు ఎనిమిది రంధ్రాలుంటాయి. స్వరం మారేది వేళ్లతో, గమకం పలికేది వేలిని సగం తెరిచి, జార్చి, ఒరిపించి. ఇవి కాక నాలుక ఉంది. ఊదుతున్న గాలిని నాలుకతో ఒక్క క్షణం ఆపి వదిలితే స్వరం తాకిడితో మొదలవుతుంది. దాన్నే తుత్తుకారం అంటారు. నాలుక తాకకుండా వేళ్లు మాత్రమే కదిలితే స్వరాలు ఒకదాంట్లోంచి ఒకటి జారుతూ వస్తాయి. ఎక్కడ తాకాలి, ఎక్కడ జార్చాలి? స్వరలిపి ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. సాహిత్యం చెబుతుంది. శ్రీరాగంలోని ‘ఎందరో మహానుభావులు’ ఎత్తుగడనే తీసుకోండి. ఎం-ద-రో-మ-హా-ను-భా-వు-లు, తొమ్మిది అక్షరాలు. నాలుక తాకవలసిన చోట్లు ఆ తొమ్మిదే. ‘రో’ దగ్గర సాగే దీర్ఘంలో స్వరం ఎన్ని మెలికలు తిరిగినా నాలుక ఊరుకోవాలి, పనంతా వేళ్లదే. మాట తెలియని పిల్లవాడు ఆ దీర్ఘాన్ని మూడు ముక్కలు చేసి ‘రో రో రో’ అని ఊదుతాడు. లేదా అక్షరాలన్నిటినీ ఒకే గాలిలో కలిపేసి తొమ్మిదింటినీ ఒక్క అచ్చుగా మార్చేస్తాడు. ఊపిరి సంగతి ఇంకా ముఖ్యం. గాయకుడి లాగే వేణువు మనిషికీ ఊపిరి అయిపోతుంది. ‘ఎందరో’ తర్వాత గాలి తీసుకుంటే అర్థం నిలుస్తుంది. ‘మహాను’ దగ్గర తీసుకుంటే మహానుభావుడు రెండు తునకలవుతాడు. వినేవాడికి మాట వినపడకపోయినా, ఆ తెగిన చోటు వినపడుతుంది. పాట తెలిసిన తెలుగు శ్రోతకు అది ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇది పంచరత్నాల దగ్గర మరీ స్పష్టం. ఘనరాగ పంచరత్నాల్లో చరణానికి చరణం స్వరం ఒకసారి, అదే స్వరానికి సాహిత్యం ఒకసారి పాడతారు. వాద్యం మీద వాయించేటప్పుడు రెండూ ఒకేలా ఉంటాయని పైకి అనిపిస్తుంది, ఎందుకంటే స్వరస్థానాలు అవే. కానీ స్వరాలు పాడేటప్పుడు ప్రతి అక్షరమూ విడిగా పడుతుంది. సాహిత్యం పాడేటప్పుడు సమాసాలు కలుస్తాయి, క్రియ దగ్గర వాక్యం ఆగుతుంది. విశ్వనాథన్ వేణువులో ఈ తేడా వినిపించేది. అంతే కాదు, కచేరీ మధ్యలో వేణువు దించి, ఆ పంక్తిని గొంతుతో పాడి, మళ్లీ వేణువు ఎత్తేవారు. కచేరీ మర్యాదల్లో ఇది కొందరికి వింతగా తోచవచ్చు. నా దృష్టిలో ఆయన వృత్తిలో ఇంతకంటే నిజాయితీగల పని లేదు. నేను ఊదుతున్నది ఇది అని మాటతో సహా శ్రోత ముందు పెట్టడం అది. అమెరికా శ్రోతకు ఆ మాట అర్థం కాకపోవచ్చు. స్వరం ఎక్కడ తాకుతుందో, ఎక్కడ జారుతుందో, ఎందుకు అలా జరుగుతుందో ఆ ఒక్క పోలికతో చెవికి తెలిసిపోతుంది.

పాఠంలోనూ అదే పద్ధతి. దీనికి పెద్ద రుజువు జాన్ హిగ్గిన్స్. 1939లో అమెరికాలో పుట్టి, వెస్లియన్‌లో చదువుతూ రంగనాథన్ ద్వారా కర్ణాటక సంగీతం రుచి మరిగి, ఆ తర్వాత మద్రాసు వచ్చి విశ్వనాథన్ దగ్గర శిష్యరికం చేసిన మనిషి. బాలసరస్వతి దగ్గరా నేర్చుకున్నారు. తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనలో పాడారు. మద్రాసు రసికులే ఆయన్ను హిగ్గిన్స్ భాగవతార్ అని పిలుచుకున్నారు. 1984లో రోడ్డు ప్రమాదంలో పోయేనాటికి ఆయన వయసు నలభై అయిదు. ఆయన పాడిన త్యాగరాజ కీర్తనల రికార్డింగులు ఇప్పటికీ వినేవాళ్లున్నారు. వినేవాళ్లలో తెలుగువాళ్లు ముందుగా గమనించేది ఉచ్చారణ. ఒత్తులు, దీర్ఘాలు శ్రద్ధగా పలుకుతాయి. ఇందులో ఆగి ఆలోచించవలసింది ఒకటుంది. ఈయన గురువుల్లో ముఖ్యుడు ఒక వేణువు విద్వాంసుడు. వేణువు గురువు చేతిలో ఒక గాయకుడు తయారయ్యాడంటే, ఆ గురువు నేర్పుతున్నది వేళ్ల పని కాదు, పాట. సినీగాయని అనురాధా శ్రీరాం కూడా వెస్లియన్‌లో ఆయన దగ్గర చదువుకున్నవారే. ఒక గురువును తూచాలంటే ఇలాంటి చోటే తూచాలి. శిష్యులందరూ తనలాగే వేణువు పట్టినవాళ్లయితే అతను వాద్యం నేర్పాడని అర్థం. శిష్యుల్లో గాయకులు, పరిశోధకులు, నాట్యానికి పాడేవాళ్లు ఉన్నారంటే సంగీతం నేర్పాడని అర్థం.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది గట్టిదే. కర్ణాటక వేణువుకు ఇప్పుడున్న రూపమిచ్చిన మాలి సంగతేమిటి? టి. ఆర్. మహాలింగం 1926లో పుట్టి, 1933లో ఏడేళ్ల వయసులో మైలాపూరు త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ చేసి, వేళ్ల పట్టునూ ఊదే తీరునూ మార్చిన ప్రతిభాశాలి. ఆయన వేణువుకు మాటల ఆసరా ఎందుకు, ఆ నాదమే చాలదా అని అడిగేవాళ్లున్నారు. కానీ మాలి చేసిన మార్పు ఏమిటో చూడండి. అంతకుముందు పల్లడం సంజీవరావు దాకా వేణువు ఎక్కువగా నాలుక తాకిళ్లతో, వేగంతో నడిచేది. మాలి అందులోకి గాత్రపు గమకాన్ని తెచ్చారు. మనిషి గొంతు ఎలా వణికి, ఎలా ఒరిగి, ఎలా నిలుస్తుందో వేళ్లతో అలా చేశారు. అంటే వేణువును గొంతుకు దగ్గర చేసినవాడే గొప్పవాడయ్యాడు. ఆయన శిష్యుడు ఎన్. రమణి అదే దారిని ఇంకా నున్నగా తీర్చి, 1983లో మద్రాసులో వేణువు కోసమే ఒక అకాడమీ పెట్టి, శిష్యకోటిని తయారుచేశారు. మాలి, విశ్వనాథన్ ఇద్దరివీ వేర్వేరు బాణీలు, వేర్వేరు స్వభావాలు. ఒకరు నిప్పుకణిక, ఇంకొకరు నిలకడ. ఇద్దరూ వెతుక్కుంటూ పోయింది మాత్రం గాత్రం వైపే. మాలి ఉదాహరణ నా వాదాన్ని కూల్చదు, ఇంకో వైపు నుంచి నిలబెడుతుంది.

రెండో అభ్యంతరం: ఆలాపనకు, కల్పనస్వరాలకు మాటలెక్కడివి? కచేరీలో సగం మనోధర్మమే కదా? నిజమే. విశ్వనాథన్ డాక్టరేటు కూడా ఆలాపన మీదే కాబట్టి ఆయన దాన్ని తక్కువ చేశారని ఎవరూ అనలేరు. కానీ సహానా, బేగడ, యదుకుల కాంభోజి, ఆనందభైరవి లాంటి రాగాలను ఆరోహణ అవరోహణలు చెప్పి నేర్పలేరు. వాటి మెట్లు చదివితే రాగం రాదు. వాటి ప్రాణం పదాల్లో, కీర్తనల్లో పడి ఉన్న ప్రయోగాల్లో ఉంది. ఫలానా పదంలో ఫలానా మాట దగ్గర రిషభం ఇలా ఒరుగుతుంది అని గుర్తుంటే, ఆలాపనలో ఆ ఒరుపు తానుగా వస్తుంది. కాబట్టి మాటల్లేని ఆలాపన కూడా మాటలున్న పాట నుంచి అప్పు తెచ్చుకున్నదే. మూడో అభ్యంతరం భాష మీద. దీక్షితులవి సంస్కృతంలో ఉన్నాయి, పురందరదాసువి కన్నడంలో, తమిళ కీర్తనలూ బోలెడున్నాయి, మరి తెలుగు ఒక్కదానికే ఈ పట్టుదల ఎందుకని. పట్టుదల తెలుగు ఒక్కదానికి కాదు, ఏ పాట నేర్పితే ఆ పాట మాటకు. అయితే త్యాగరాజ కీర్తనల్లో అత్యధికం, శ్యామశాస్త్రి కృతుల్లో ఎక్కువ భాగం, తానవర్ణాల్లో పెద్ద పాలు, పదాలు, జావళీలు తెలుగే. పాటల్లో ఇంత భాగం అమ్మానాన్నల భాషలోనే ఉండే అదృష్టం ఈ సంగీతం నేర్చుకునే మరే భాష పిల్లలకూ లేదు. ఆ అదృష్టాన్ని సరిగమల కింద పాతిపెట్టడమే బాధగా ఉంటుంది.

వాద్యాన్ని మాటతో కలిపి నేర్పాలన్న ఈ ఆలోచన మద్రాసు నుంచో అమెరికా నుంచో అరువు తెచ్చుకోవలసిందీ కాదు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టింది ఆదిభట్ల నారాయణదాసును. ఆయన హరికథా పితామహుడు, కవి, బహుభాషావేత్త. ఆయన కింద వయొలిన్ ఆచార్యుడిగా చేరింది ద్వారం వెంకటస్వామి నాయుడు. చదువుకుందామని వచ్చిన ఆ యువకుడిని, అతని వాద్యం విని, ఆచార్య పదవిలోనే పెట్టారని ఆ కళాశాల చరిత్రలో గొప్పగా చెప్పుకుంటారు. 1936లో ద్వారం ప్రిన్సిపాలు అయ్యారు, 1941లో సంగీత కళానిధి. తెలుగునాట వాద్య విద్యకు మొదటి పెద్ద సంస్థ ఒక మాటల మనిషి నీడలో మొదలైందన్న సంగతి నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. ద్వారం కమానులో ఉన్న ఆ నిబ్బరం, ఒక్కో స్వరాన్నీ పలుకులా నిలబెట్టే తీరు, ఆ వాతావరణంలో పండిందే.

మత్రా సంగతికి వస్తే, ఇక్కడ వినబడే అభ్యంతరం వేరే రకం. గల్ఫ్ బతుకు నాలుగు రోజులది, నివాస అనుమతి ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది, పిల్లలు పన్నెండో తరగతి కాగానే వెళ్లిపోతారు, గురువు కూడా పగలంతా లెక్కలో, కంప్యూటరో చూసుకుని సాయంత్రం నేర్పేవాడే. ఈ లోపల వర్ణం దాకా వస్తే చాలు, సాహిత్యం, అర్థం అంటూ కూర్చుంటే ఏదీ తెమలదు. ఈ మాటలో ఉన్న అలసట నిజమైనది, దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ విశ్వనాథన్ తరగతిలో కూర్చున్న విద్యార్థుల పరిస్థితి ఇంతకంటే మెరుగేమీ కాదు. వాళ్లు సెమిస్టరు లెక్కన వచ్చేవాళ్లు. చాలామందికి కర్ణాటక సంగీతం అదే మొదలు, అదే ఆఖరు. భాష తెలియదు, దేవుళ్లు తెలియరు, తాళం కొత్త. అలాంటివాళ్లకు కూడా ఆయన పాటనే నేర్పారు. ఏడాదికోసారి నవరాత్రి ఉత్సవం జరుపుకునేలా వెస్లియన్ విశ్వవిద్యాలయాన్ని అలవాటు చేశారు. ఆ ఉత్సవం ఆయన తర్వాతా సాగింది. తక్కువ కాలం ఉన్నప్పుడే ఏది నేర్పాలో తేల్చుకోవడం అవసరం. పది కీర్తనల స్వరాలు పదేళ్లకు మరుగున పడతాయి. మాటతో, అర్థంతో వచ్చిన రెండు కీర్తనలు మనిషితో పాటే ఊళ్లు మారతాయి.

ఈ ఊరికి కూడా ఇలాంటి పట్టుదల కొత్త కాదు. 1985లో సుల్తాన్ ఖాబూస్ ఆదేశం మీద రాయల్ ఒమన్ సింఫనీ ఆర్కెస్ట్రా మొదలైనప్పుడు, అప్పటిదాకా వయొలిన్ గాని, పాశ్చాత్య వేణువు గాని ముట్టుకోని ఒమానీ పిల్లలను ఎంచి, స్వరం చదవడం దగ్గర్నుంచి నేర్పించారు. 1987కే వాళ్లు వేదికెక్కారు. కొన్నవాళ్లు, తెచ్చుకున్నవాళ్లు కాదు, తయారైనవాళ్లు. 2011లో మస్కట్‌లో రాయల్ ఒపేరా హౌస్ తలుపులు తెరిచేనాటికి దేశానికి సొంత వాద్యకారుల తరం ఉంది. మరోవైపు మత్రా బజారులో తరతరాలుగా దుకాణాలు నడుపుతున్న కచ్ఛీ కుటుంబాలు తమ భాషనూ కృష్ణభక్తినీ రెండింటినీ వదులుకోలేదు. రేవులో కంటైనర్ల రద్దీ 2014లో సోహార్‌కు తరలిపోయినా ఆ బజారు వాళ్లతోనే ఉంది. కుదురు తాత్కాలికమైనంత మాత్రాన విద్య తాత్కాలికం కానక్కర్లేదని మత్రాలో ఉండేవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు, చుట్టూ చూస్తే చాలు.

ఆన్‌లైన్ పాఠం గురించి విడిగా చెప్పుకోవాలి, ఇప్పుడు చాలా ఇళ్లకు గురువు చేరుతున్నది దాని ద్వారానే. ఇండియా మనకంటే గంటన్నర ముందు. మత్రాలో సాయంత్రం అయిదయితే విజయవాడలో ఆరున్నర, పాఠానికి ఇద్దరికీ అనువైన వేళే. ఇబ్బంది ఇంకోచోట ఉంది. వీడియో కాల్‌లో మాట ఒక క్షణం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురుశిష్యులు కలిసి ఊదడం కుదరదు. దానికి తోడు ఈ సాఫ్ట్‌వేర్లు మనిషి మాటను ఉంచి మిగతా చప్పుళ్లను అణిచేలా తయారయ్యాయి. సాగదీసి నిలిపిన వేణునాదం, శ్రుతిపెట్టె మోత వాటికి ఫ్యాను హోరులా తోస్తాయి. షడ్జం నిలబెట్టిన రెండు క్షణాలకే నాదం సన్నగిల్లి తెగిపోతుంది. ఆ వడపోతను ఆపే ఏర్పాటు కొన్నింట్లో ఉంది, తప్పక ఆపాలి. ఆపినా గమకంలోని సూక్ష్మం పూర్తిగా దాటదు. వెదురు గొడవ మరొకటి. ఏసీ గదిలో ఒక శ్రుతి, తలుపు తీసి బాల్కనీలోకి వెళితే గొట్టంలో గాలి వేడెక్కి మరో శ్రుతి. పొడిగాలికి వెదురు బీటలు వారుతుంది. ఇన్ని అడ్డంకుల మధ్య చెక్కుచెదరకుండా అవతలికి చేరేది ఒక్కటే, మనిషి పలికిన మాట. గురువు పంక్తిని నోటితో పాడి, మాట విరుపు చూపించి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పి, శిష్యుడి చేత ముందు పాడించి, తర్వాత ఊదిస్తే ఆ తెర మీద కూడా పాఠం నిలుస్తుంది. ధనమ్మాళ్ ఇంటి పాత పద్ధతే కొత్త యంత్రానికి బాగా నప్పుతుందన్నమాట.

చిన్నపిల్లలకు క్షేత్రయ్య శృంగారం ఎలా చెబుతామని జంకేవాళ్లకు ఒక మాట. ఎవరూ పదంతో మొదలుపెట్టమనడం లేదు. పదం కాలప్రమాణం చేతికి వచ్చాక, ఊపిరి నిలిచాక రావలసింది. రామదాసు కీర్తనలున్నాయి, అన్నమయ్య ఉన్నాడు, త్యాగరాజ దివ్యనామ కీర్తనలు పిల్లల నోటికి తేలిగ్గా ఎక్కుతాయి. వేణువుకూ తేలిక, చిన్న చిన్న పంక్తులు, ఒక్కో పంక్తికి ఒక్క ఊపిరి. పదం దాకా వచ్చేసరికి పిల్లలు పెద్దవాళ్లవుతారు, అడిగే ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. అప్పుడు ఆ పాటను వందల ఏళ్లు మోసిన స్త్రీల కథ కూడా చెప్పవచ్చు, చెప్పాలి.

గురువు బతుకుతెరువు గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. విశ్వనాథన్ ఇరవయ్యేడేళ్లు నిలకడగా నేర్పగలిగారంటే, వెనక ఒక విశ్వవిద్యాలయపు జీతం ఉంది. ఒక్కో శిష్యుడి ఫీజు మీద బతికే గురువును ప్రతి నెలా ఒక కొత్త పాట చూపించమని, ఏడాదికో వేదిక ఎక్కించమని తొందరపెడితే, అతను సరిగమలనే పట్టుకుంటాడు. అవి తొందరగా కనబడతాయి కాబట్టి. మాటతో నేర్పాలని కోరే తల్లిదండ్రులు ముందు ఆ గడువును సడలించాలి. ఒక కీర్తనకు రెండు నెలలు పట్టినా ఫీజు ఇవ్వడానికి సిద్ధపడాలి. రెండోది డబ్బుతో పని లేనిది. జాన్ హిగ్గిన్స్‌కు తెలుగు పలుకు నేర్పడానికి గురువు మొదటి అక్షరం నుంచి కూర్చోవలసి వచ్చింది. మత్రాలో మన పిల్లలకు ఆ పని సగం ఇంట్లోనే చేయవచ్చు. ఈ వారం పాఠంలో వచ్చిన కీర్తనను తాతమ్మకో, అమ్మమ్మకో ఫోన్‌లో చదివి వినిపించమనండి. అర్థం కాని మాట దగ్గర ఆమెనే అడగమనండి. శుక్రవారం ఉదయం వేణువు ఎత్తే ముందు ఆ పంక్తిని ఇంట్లో ఒకసారి గొంతెత్తి పాడించండి. నోట్‌బుక్కులో సరిగమల కింద సాహిత్యం కూడా రాయమని గురువుగారిని అడగండి. అలా రాసిచ్చే గురువు దొరికితే, ఊరు మారినా తెర మీదనైనా సరే, ఆయన్ను వదులుకోకండి.